మహామారి నేర్పిన పాఠము: బెంగుళూరు ప్రజారోగ్య చరిత్ర

వైద్యులలో రెండు తెగలవారు గలరు. ఒకడు రోగి నాడిని పట్టి చూచును. రెండవవాడు ఆ రోగి త్రాగిన నీరు ఏ బావిలోనిదో, అతడు పరుండిన గదికి కిటికీ కలదో లేదో, అతని యింటి వెనుక మురుగు ఎటు పోవుచున్నదో విచారించును. మొదటివాని విద్యకు చికిత్స యని పేరు. రెండవవాని విద్యకు ప్రజారోగ్యమని పేరు. నయమైన జ్వరమునకు వైద్యుని కొనియాడనివారు లేరు. ఊరిలోనికి రాకుండ ఆగిపోయిన కలరాకు మాత్రము ఎవరును కృతజ్ఞత చెప్పరు. సఫలమైన కొలది కంటికి కనబడకుండ పోవుట ఈ రెండవ విద్యకు గల విచిత్ర లక్షణము. కావుననే దాని చరిత్రను అప్పుడప్పుడు స్మరించుట అవసరము.

ఈ విద్య పాశ్చాత్యుల నుండియే మనకు వచ్చినదని కొందరు తలంతురు. అది పూర్తిగా నిజము కాదు. చరకసంహితలో విమానస్థానమునందలి మూడవ అధ్యాయమునకు జనపదోద్ధ్వంసనీయమని పేరు. పాంచాలదేశ రాజధాని యగు కాంపిల్యమున, గంగాతీరమున విహరించుచు పునర్వసు ఆత్రేయుడు శిష్యుడగు అగ్నివేశునకు చేసిన బోధ అందు కలదు. మనుష్యుల ప్రకృతులు, ఆహారములు, వయస్సులు వేరువేరుగా నుండగా ఒకే కాలమున, ఒకే రోగము చేత ఊరికి ఊరే ఎట్లు నశించునని శిష్యుని సందేహము. ఎన్ని భేదములున్నను అందరికిని సమానమైనవి నాలుగు గలవనియు, అవి వాయువు, జలము, దేశము, కాలము అనియు, అవి చెడినచో జనపదము చెడుననియు గురువు చెప్పెను. అవి చెడుటకు మూలమేమని శిష్యుడు మరల అడుగగా, అధర్మమే మూలమని చెప్పి, అందును దేశమునకు, నగరమునకు ప్రధానులైనవారు ధర్మము తప్పి నడచుటను ముందుగా పేర్కొనెను. సూక్ష్మజీవుల నెరుగని నాటి మాట యిది. అయినను అందరికిని సమానమైనవానిని కాపాడుటయే ప్రజారోగ్యమను భావము నేటికిని చెల్లుచున్నది. బెంగుళూరు నగర చరిత్ర దానికి వ్యాఖ్యానము వంటిది.

చెరువుల నగరము

1537 లో కెంపెగౌడ కట్టించిన పేటకు నది లేదు. ఎత్తైన పీఠభూమి మీద వెలసిన ఊరు కావున వానకాలపు నీటిని చెరువులలో నిలుపుకొనియే జీవించవలసి యుండెను. ధర్మాంబుధి, కెంపాంబుధి, సంపంగి మొదలగు చెరువులు ఊరికి ప్రాణములు. చిక్కపేట, బళెపేట, నగర్తపేటల ఇరుకు సందులలో కన్నడిగులతో పాటు తెలుగు వర్తకులు, నేతగాండ్రు, కూలీలు ఇండ్లు చేసికొనిరి. కోలారు, చిత్తూరు, అనంతపురము ప్రాంతములకు ఈ పేట బజారు చిరకాలముగా పరిచితము.

1809 లో బ్రిటిషువారు పేటకు తూర్పున తమ సైన్యమునకు దండు నేర్పరచుకొనిరి. నాటి నుండి బెంగుళూరు రెండు పట్టణములైనది. 1881 లో సంస్థానమును మైసూరు మహారాజునకు మరల అప్పగించినప్పుడును దండు ప్రాంతము బ్రిటిషువారి యధీనముననే నిలిచెను. 1949 లో గాని రెండును ఒకే నగరపాలక సంస్థ క్రిందికి రాలేదు. ఒక వైపు విశాలమైన బాటలు, తోటల నడుమ బంగళాలు. వేరొక వైపు గోడకు గోడ ఆనుకొన్న ఇండ్లు. దండులోనే యున్న బజారు ప్రాంతములు పేటకంటె మెరుగేమియు కావు. సరిహద్దులు కాగితముల మీద నుండెను గాని, నీటికిని ఈగకును ఎలుకకును అవి తెలియవు.

రాణివాసము చూపిన దారి

ఈ ప్రాంతమున ఆధునిక ప్రజారోగ్యమునకు తొలి యడుగు మశూచి టీకా. ఇంగ్లండులో జెన్నరు 1796 లో కనుగొన్న ఈ పద్ధతి 1802 లో బొంబాయి చేరి, స్వల్పకాలముననే మైసూరునకును వచ్చెను. ఆవు పొదుగునందలి పొక్కు నుండి పుట్టిన ద్రవ్యమును దేహములో నెక్కించుకొనుటకు జనులు వెనుదీయుట సహజమే. మశూచిని అమ్మవారి రాకగా భావించిన సంఘమున ఆ సంకోచము మరింత గాఢమై యుండును.

ఆ కాలమున, సుమారు 1805 లో, తామసు హికీ యను చిత్రకారుడు మైసూరు రాణివాసమునకు చెందిన ముగ్గురు స్త్రీలను చిత్రించెను. వారిలో ఒకామె తన చీర చెరగును తొలగించి, టీకా వేయించుకొన్న భుజమును చూపుచున్నదని చరిత్రకారులు వివరించిరి. మూడవ కృష్ణరాజ ఒడెయరు రాణి ఆమెయేనని వారి యూహ. పరదా చాటున నుండదగిన రాచబిడ్డ తన బాహువును లోకమునకు చూపుట సామాన్య విషయము కాదు. ఒక్క శాసనము చేయలేని పనిని ఒక యుదాహరణము చేయగలదని ఆ రాణివాసము గ్రహించి యుండవలెను. తొంబది యేండ్ల తరువాత వచ్చిన అధికారులు ఈ పాఠమును మరచిరి.

కలరా, దోమ, ఒక సైనిక వైద్యుడు

1876 నుండి 1878 వరకు సాగిన మహాక్షామమున మైసూరు సంస్థానము సుమారు పది లక్షల ప్రాణములను కోల్పోయెను. చెరువుల నీరు అడుగంటినచో ఊరి గతి యేమగునో ఆ క్షామము తెలిపెను. దివాను కె. శేషాద్రి అయ్యరు కాలమున అర్కావతీ నది మీది హెసరఘట్ట జలాశయము నుండి నీరు తెచ్చు పథకము సిద్ధమయ్యెను. సుమారు 18 కిలోమీటర్ల దూరము నుండి ఆవిరి యంత్రముల సాయమున ఎక్కించిన నీరు 1896 నాటికి నగరమునకు చేరెను. గొట్టములలో నీరు ప్రవహించుట బెంగుళూరునకు అదియే మొదలు.

ఆ నీటి యవసరమును కండ్లార చూచినవారిలో రొనాల్డు రాసు ఒకడు. అతడు 1883 లోనే సైనిక వైద్యుడుగా బెంగుళూరునకు వచ్చి, తన బంగళా చెంత నీటితొట్టిలో దోమపిల్లలు పెరుగుట గమనించెను. తొట్టిని ఒలుకబోసినచో దోమలు తగ్గునని అప్పుడే అతనికి తోచెను. 1895 లో కలరా ప్రబలినప్పుడు ప్రభుత్వమువారు అతనిని మరల ఈ నగరమునకు పంపిరి. బావులను, మురుగుకాలువలను, చెత్తకుప్పలను తనిఖీ చేయుచు అతడు రమారమి రెండేండ్లు ఇచ్చట గడపెను. కలరా నీటి ద్వారా వ్యాపించునని లండను నగరమున జాను స్నో 1854 లోనే నిరూపించి యుండెను. కాని శాస్త్రమునకు తెలిసినది వీధికి చేరుటకు దశాబ్దములు పట్టినది.

రాసు బెంగుళూరును విడిచి 1897 లో సికిందరాబాదు చేరెను. ఆ సంవత్సరము ఆగస్టు 20 వ తేదీన, బేగంపేటలో, హుసేనుఖాన్ అను రోగి రక్తము త్రాగిన అనాఫిలిసు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. దోమ కుట్టినంతమాత్రమున దానికి ఒక అణా వంతున హుసేనుఖానునకు కూలి యిచ్చినాడట. 1902 లో నోబెలు బహుమానము రాసునకు దక్కెను. బెంగుళూరు నీటితొట్టిలో మొలకెత్తిన యాలోచన తెలుగుగడ్డపై ఫలించినదని మనము సంతసింపవచ్చును. అణాకు తన చేయి చాపిన రోగిని కూడ ఆ సంతోషమున మరువరాదు.

1898

హాంగుకాంగులో 1894 లో విజృంభించిన ప్లేగు 1896 లో ఓడల మార్గమున బొంబాయికి వచ్చెను. అచ్చటి నుండి రైలు మార్గమున లోపలి సీమలకు ప్రాకెను. 1898 ఆగస్టులో హుబ్బళ్ళి దిక్కు నుండి బెంగుళూరులో అడుగు పెట్టెను. గజ్జలలో, చంకలలో బిళ్ళ కట్టుట, తీవ్రజ్వరము, కొలది దినములలో మరణము: ఇది దాని క్రమము. పేటలోను దండులోను వేలకొలది జనులు మరణించిరి. అంతకంటె ఎక్కువమంది మూటాముల్లె కట్టుకొని ఊరు విడిచిరి. దుకాణములు మూతపడెను. శ్మశానములలో చితులు ఆరలేదు.

అప్పటికి ప్లేగు క్రిమి తెలిసినదే. హాంగుకాంగులో యెర్సిను 1894 లో దానిని కనుగొనెను. కాని అది మనిషిని చేరు మార్గము తెలియదు. ఎలుక మీది గోమారి వంటి చిన్న పురుగు, అనగా ఎలుక మిన్నల్లి, దానిని మోయుచున్నదని సైమండు అను ఫ్రెంచి వైద్యుడు కరాచీలో 1898 లోనే గ్రహించెను. పండితులు చాలకాలము నమ్మలేదు. 1905 తరువాత జరిగిన పరిశోధనలలో గాని ఆ మాట స్థిరపడలేదు. కావున 1898 నాటి అధికారులు శత్రువు తెలిసియు, అతడు వచ్చు ద్వారము తెలియక, ఇంటింటి తలుపులను విరుగగొట్టుచుండిరి.

1897 లో చేసిన సాంక్రామిక వ్యాధుల శాసనము వారికి అపరిమితమైన యధికారము నిచ్చియుండెను. రైలు స్టేషనులలో ప్రయాణికులను ఆపి దేహపరీక్ష చేయుట, రోగిని ఇంటి నుండి తీసికొనిపోవుట, రోగితో కలిసి యున్నవారిని ఊరి వెలుపలి పాకలలో నుంచుట, ఇండ్లలోని బట్టలను సామానును కాల్చుట, గోడలకు మందునీరు చల్లుట, పాతయిండ్లను పడగొట్టుట: ఇవి నాటి పద్ధతులు. పరపురుషుడు ఆడువారి దేహమును తాకి చూచుట అన్నింటికంటె అవమానకరముగా తోచెను. పూనాలో ప్లేగు అధికారి రాండు 1897 జూన్ 22 న చాపేకరు సోదరుల కాల్పులకు గురియై, తరువాత మరణించుటకు ఈ యాగ్రహమే కారణము. మైసూరు సంస్థానమునందును 1898 లో శ్రీరంగపట్టణము చెంత గంజాములో నిబంధనలకు ఎదురుతిరిగి జనులు అల్లరి చేసిరి. నాడు ప్లేగు కమిషనరుగా నుండిన వి. పి. మాధవరావు తరువాత దివాను పదవి నందెను.

జనులు కేవలము మూర్ఖులై ఎదిరించిరను మాట న్యాయము కాదు. ఇంటిలో ఎలుకలు రాలినచో వెంటనే ఇల్లు విడువవలెనని రాయలసీమ పల్లెలలోను, మైసూరు పల్లెలలోను జనులు అనుభవముచే నేర్చిరి. ఊరు ఖాళీ చేసి పొలములలో పాకలు వేసికొని, కొన్ని వారములు గడిపి తిరిగి వచ్చుచుండిరి. తరువాతి శాస్త్రము ఆ పద్ధతియే సరియైనదని చెప్పినది. అధికారులకు సూక్ష్మదర్శని యుండెను, జనులకు అనుభవ ముండెను. రెండును కలిసి మాటలాడుకొన్న సందర్భములు మాత్రము తక్కువ. నాటి ప్లేగు మారమ్మ గుడులు కొన్ని నేటికిని ఈ నగరమున పూజ లందుకొనుచున్నవి. దిక్కుతోచని జనులు అమ్మను ఆశ్రయించిరనుటకు అవి గురుతులు.

అయినను ఈ యంధకారమున దీపము పట్టినవారు లేకపోలేదు. తిరువాన్కూరులో కులము కారణముగా ఉద్యోగము దొరకక మైసూరు కొలువులో చేరిన ఈళవ వైద్యుడు డాక్టరు పల్పు ఈ నగరపు ప్లేగు శిబిరములలో ప్రాణమునకు తెగించి పనిచేసెను. తన దేశమున అంటరానివాడని త్రోసివేయబడినవాడు, ఇతరులు తాకుటకు జంకిన రోగులను తాకి సేవించెను. శవములను మోసినవారు, వీధులు ఊడ్చినవారు, మందునీరు చల్లినవారు ఎందరో కలరు. వారి పేర్లు మాత్రము ఏ శిలాఫలకము మీదను లేవు.

మహామారి వెనుక మిగిలిన నగరము

ప్లేగు తగ్గిన పిదప బెంగుళూరు రూపు మారెను. అంతకు ముందే తలపెట్టిన బసవనగుడి, మల్లేశ్వరము అను విస్తరణములు ఈ భయముతో వేగముగా పెరిగినవి. వెడల్పైన వీధులు, ఇంటికి ఇంటికి నడుమ ఎడము, ఉద్యానములు, పాకీపనివారు రాకపోకలు చేయుటకు ఇండ్ల వెనుక సన్నని సందులు వానిలో నేర్పరచిరి. దండులో 1910 నాటికి ఫ్రేజరు టౌను వెలసెను. ఎలుకలు దూరని పునాదులు, గాలి వెలుతురులు వచ్చు గదులు దాని విశేషములు. అచ్చటి ఇంజనీరు జె. హెచ్. స్టీఫెన్సు ఈ ప్లేగు నిరోధక పట్టణ నిర్మాణమును గూర్చి 1914 లో ఒక గ్రంథమునే ప్రకటించెను. 1897 లో మహారాణి వాణీవిలాస సన్నిధానమువారు శంకుస్థాపన చేసిన విక్టోరియా ఆసుపత్రిని 1900 డిసెంబరు 8 న కర్జను ప్రభువు ప్రారంభించెను. అది నేటికిని పేదల పాలిటి పెద్దదిక్కు.

ఈ మార్పులో ఒక లోపమును కూడ చెప్పక తప్పదు. క్రొత్త పేటలలో స్థలము కొనగలిగినవారు గాలిని వెలుతురును కొనుక్కొనిరి. కొనలేనివారు పాత సందులలోనే నిలిచిరి. అందులోను కులముల వారీగా భాగములు విడదీసిరి. పాకీపనివాడు వెనుకసందు గుండ రావలసిన యిల్లు ఆరోగ్యకరమైన యిల్లే కావచ్చును. ఆ పాకీపనివాని యిల్లు ఎట్లున్నదని అడిగినవారు తక్కువ. అందరికిని సమానమైన గాలి, నీరు అని ఆత్రేయుడు చెప్పిన మాట ఇచ్చట సగమే నెరవేరెను.

మందు లేని కాలమున ఇల్లే మందు. ప్లేగును నిజముగా నయము చేయు ఔషధములు అర్ధశతాబ్దము తరువాత గాని రాలేదు. 1940 ల దశకమున స్ట్రెప్టోమైసిను వచ్చెను. భీమవరమున 1895 లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో పరిశోధనలకు నాయకత్వము వహించిన లెడర్లీ సంస్థ నుండి 1948 లో ఆరియోమైసిను వెలువడెను. టెట్రాసైక్లిను జాతికి అదియే ఆద్యము. 1994 లో సూరతులో ప్లేగు భయము పుట్టినప్పుడు జనులు మ్రింగినవి ఆ జాతి మాత్రలే. మన తెలుగువాని కీర్తి యిది. కాని బెంగుళూరును ప్లేగు విడిచిపెట్టుటకు మాత్రలకు ముందే ఇండ్లును వీధులును తోడ్పడినవి.

మోక్షగుండము నుండి మూసీ వరకు

నీటిని మురుగును వేరుచేయుటయే నగరారోగ్యమునకు మూలమని నమ్మినవారిలో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ప్రముఖులు. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండము నుండి మైసూరు సీమకు వలస వచ్చినవారు. 1908 సెప్టెంబరులో మూసీనది వరద హైదరాబాదును ముంచినప్పుడు నిజాము ప్రభుత్వము వారిని పిలిపించెను. వారి సూచనల ఫలితముగా 1920 లో ఉస్మానుసాగరు, 1927 లో హిమాయతుసాగరు పూర్తియైనవి. వరదను ఆపు కట్టలే త్రాగునీటి నిధు లయ్యెను. భూగర్భ మురుగు కాలువల పథకమును కూడ వారే రూపొందించిరి. బెంగుళూరులో హెసరఘట్ట నీరు చాలనప్పుడు అర్కావతీ కుముద్వతీ సంగమమున తిప్పగొండనహళ్ళి జలాశయము 1933 లో సిద్ధమగుటకును వారి సలహాయే ఆధారము. 1974 లో కావేరీ జలము నగరమునకు వచ్చెను. ఇంజనీరు కూడ వైద్యుడేనని ఈ రెండు నగరములును సాక్ష్యమిచ్చుచున్నవి.

దగ్గుమందు నేర్పిన గుణపాఠము

క్షయవ్యాధి చరిత్రలో మన సరిహద్దు ప్రాంతమునకు గౌరవస్థానము కలదు. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915 నుండి క్షయ చికిత్సాలయము నడచినది. భారతదేశమున బి.సి.జి. టీకాలకు 1948 లో ఆరంభము జరిగినది మదనపల్లెలోనే. శానిటోరియములో చేరక ఇంటి వద్దనే మందులు వాడినవారును సమానముగా కోలుకొందురని మద్రాసులో జరిగిన పరిశోధన 1959 లో తేల్చెను. ఆ సంవత్సరమే బెంగుళూరులో జాతీయ క్షయవ్యాధి సంస్థ ఏర్పడెను. 1962 లో ఆరంభమైన జాతీయ క్షయ నివారణ పథకమునకు రూపకల్పన అచ్చటనే జరిగినది.

ఆ సంస్థవారు తుముకూరు జిల్లా గ్రామములలో చేసి, 1963 లో ప్రకటించిన ఒక పరిశీలన మిక్కిలి విలువైనది. పల్లెవారు అజ్ఞానులు, రోగము వచ్చినను వైద్యుని కడకు రారని పెద్దల నమ్మకము. విచారింపగా, క్షయరోగులలో నూటికి తొంబదిమందికి పైగా తమ బాధను గుర్తించియే యుండిరి. సగమునకు మించినవారు ప్రభుత్వ వైద్యశాల మెట్లెక్కియే యుండిరి. అచ్చట వారి దగ్గుకు దగ్గుమందు సీసా యిచ్చి పంపివేసిరి! లోపము రోగి యందు లేదు, వచ్చిన రోగిని గుర్తింపని యేర్పాటునందు కలదు. 1898 లో ఎవరును అడుగని ప్రశ్నను వీరు అడిగిరి. పల్లెవారి వాకిట కూర్చుండి సమాధానము వినిరి.

నేటి మాట

2020 లో కొరోనా వ్యాధి వచ్చినప్పుడు ఆనాటి 1897 శాసనమునే ప్రభుత్వములు మరల బయటకు తీసినవి. క్యాంపులు, నిర్బంధములు, ఊరు విడిచిపోవు కూలీల బారులు, శ్మశానముల వద్ద నిరీక్షణలు మరల కనబడెను. శాస్త్రము ఎంత పెరిగినను భయమునకు ముఖము ఒక్కటే. ఎక్కడ ఆరోగ్యకార్యకర్త ఇంటివారికి పరిచితురాలో, అక్కడ ఆమె మాట చెల్లును. అపరిచితుని ఆజ్ఞకు ప్రజలు తలుపులు మూసికొందురు.

చెరువులతో పుట్టిన ఈ నగరమున ధర్మాంబుధి స్థానమున నేడు బస్సులు నిలుచుచున్నవి. సంపంగి చెరువు క్రీడాంగణమైనది. మురుగుతో నిండిన బెళ్ళందూరు చెరువు మీద 2017 లో మంటలు లేచెను. నీటి మీద నిప్పు పుట్టుటకంటె జలము చెడినదనుటకు వేరు నిదర్శనము వలయునా? 2022 జూలైలో వేలాది పౌరకార్మికులు తమ ఉద్యోగములను స్థిరపరుపుమని సమ్మె చేసిరి. నగరము ప్రతి ఉదయము ఆరోగ్యముగా మేల్కొనుట వారి చీపురు వలననే. ఆ చీపురు పట్టినవారి కూలికి నాడు స్థిరత్వము లేకపోవుట మనందరికిని తలవంపు.

ఆజ్ఞ యొక్క బలమున ఊరిని ఒక దినము ఖాళీ చేయింపవచ్చును. ఆరోగ్యముగా నిలుపుటకు మాత్రము జనుల నమ్మకము కావలెను. తన భుజమును చూపిన రాణికిని, శిబిరమున రోగిని తాకిన పల్పునకును, తుముకూరు పల్లెలలో రోగుల మాట విన్న పరిశోధకులకును ఆ నమ్మకము విలువ తెలియును. ఈ నగరమున స్థిరపడిన తెలుగువారమగు మనము ఇచ్చటి నీటిని త్రాగుచున్నాము, ఇచ్చటి గాలిని పీల్చుచున్నాము. మన వీధి చివరి మురుగుకాలువ ఎటు పోవుచున్నదో, దానిని బాగుచేయువాని బిడ్డ ఏ నీరు త్రాగుచున్నదో విచారించుట మన విధి. ఆత్రేయుడు చెప్పిన నాలుగింటిలో వాయువును, నీటిని, నేలను మన చేతులతోనే చెరచుకొనుచున్నాము. కావున బాగుచేసికొనుటయు మన చేతిలోనే కలదు.